పెద్దులు విప్పిన గోడ

ఇట్లా రా, నా మోకాలి పక్కన చేరి కూర్చో. అంత దూరాన కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి. మనవాళ్లు మస్కట్ దేశానికి కొత్తగా పోతున్న రోజులవి, డెబ్భై ఏడో సంవత్సరం. ఊళ్లో ఇంకా చాలామందికి ఆ దేశం ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. విను.

పెద్దులుది జగిత్యాల పక్క పల్లె. రాయి కొట్టి బతికే ఇంట పుట్టాడు. బావి లోపలి గోడలు, దొడ్ల చుట్టు గోడలు కట్టీ కట్టీ ముప్పై ఏళ్లకే మేస్త్రీ అనిపించుకున్నాడు. వాడు వెనక్కి చూడకుండా చేయి చాపితే నలుగురు రాళ్లు అందించేవాళ్లు. అలాంటివాడి వీసా కాగితం మీద మాత్రం హెల్పర్ అని పడింది. చదువు రాదు కదా, విమానం దిగి సైట్‌కు పోయిన తర్వాతగాని ఆ సంగతి తెలియలేదు. బురైమి దాటి, కొండల్లోకి వేస్తున్న మట్టి రోడ్డు మీద మూడు నెలలు తట్ట మోశాడు. తట్ట బరువు వాడికి లెక్క కాదు. పక్కన ఇంకొకడు గోడ వంకరగా కడుతుంటే నోరు మూసుకుని చూడటమే బరువు.

ఆ సైట్ ఫోర్‌మన్ ఖమరుద్దీన్, కరీంనగర్ మనిషి. పెద్దులు చేతి పనితనం కనిపెట్టినవాడు అతనే. ఒకరోజు పిలిచి చెప్పాడు.

"దేఖో పెద్దులూ, గా మలుపు కాడ వాగు దిక్కు మట్టి జారుతున్నది. రాతి గోడ కట్టు. సిమెంట్ నక్కో, ఉత్త రాయే. వచ్చే శనివారం ఇంజనీర్ సాబ్ వస్తడు. గోడ చూసి మేస్త్రీల లిస్ట్‌ల నీ పేరు రాస్తనన్నడు. లిస్ట్ అదే దినం ఆఫీస్‌కు పోతది. మళ్ల రెండేండ్ల దాకా మాట లేదు."

పెద్దులుకు ఆ మాట చాలు. మలుపుకు కొంచెం పైన, కొండ వెన్ను మీద గుండ్రటి రాతి కట్టడాలు వరుసగా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే మన ధాన్యపు గుమ్ముల్లాగే ఉంటాయి. ఆ దేశంలో ప్రతి కొండకూ ఒక పాత కోటో, కావలి బురుజో ఉంటుంది. ఇవీ అలాంటివే, సిపాయిలు వదిలేసి పోయారు అనుకున్నారు అందరూ. అన్నిటికంటే కిందిది ఒక పక్క కూలి ఉంది. రాళ్లు పలకల్లా చదునుగా, ఉలి అవసరం లేకుండా చేతికి వస్తున్నాయి. పెద్దులు వాటినే తెచ్చి కట్టాడు. ఎండ చూసిన ముఖం నల్లగా, లోపలి ముఖం తేనె రంగులో ఉంటే, తేనె రంగు బయటికి వచ్చేటట్టు పేర్చాడు. ఎనిమిది రోజుల్లో గోడ లేచింది. సందులో చాకు మొన కూడా దూరదు.

రూమ్‌లో కలిసి ఉండే తోటి హెల్పర్ పోచన్న ఆటపట్టించాడు. "మేస్త్రీ సాబ్, శనివారం సంది మేము లేచి నిలవడి సలాం కొట్టాల్నా, కూసుండి కొడితే నడుస్తదా?"

"కూసుండే కొట్టు. నువ్వు నిలవడ్డా గంతే కనవడ్తవ్," అన్నాడు పెద్దులు. పొట్టి పోచన్నతో సహా అందరూ నవ్వారు.

గురువారం మధ్యాహ్నం. పై వరసకు నాలుగు పొడుగు రాళ్లు కావాలి. పెద్దులు మళ్లీ ఆ గుండ్రటి కట్టడం దగ్గరికి పోయి ఒక రాయి లాగాడు. దాని వెనక ఇంకొక గోడ కనిపించింది. లోపలి గోడ. ఒక్కో వరస కింది వరస కంటే వేలెడంత లోపలికి వంగి, పైకి పోయేకొద్దీ దగ్గరవుతూ, కళ్లకు అద్దుకునేటట్టున్న పని. కింద పసిపిల్లవాడు పాకిపోయేంత వాకిలి, దానికి అడ్డంగా పలక. కావలి కాసేవాడు వాకిలి మూసుకుని ఎవరిని చూస్తాడు? గోడలో గోడ పెట్టి, దారి మూసి, ఇంత ప్రేమగా ఎవరికి కడతారు? చేతిలో రాయి ఉండగానే పెద్దులుకు తెలిసిపోయింది. సందులోంచి పడ్డ ఎండలో గవ్వ పూసలు నాలుగు, మట్టి రంగుకు తిరిగిన చేతి ఎముక ఒకటి కనిపించాయి.

పెద్దులు రాయి కింద పెట్టి, చెప్పులు విడిచి, అక్కడే కూలబడ్డాడు.

వాళ్ల ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. తెలియక ఎవరి గోరీ రాయి కదిలించినా, కదిలించిన చేయే తిరిగి పెట్టాలి. ఇంకొకరు సాయం పట్టకూడదు. పెట్టిందాకా నీళ్లు తప్ప నోట్లో ఏమీ వేయకూడదు. వాళ్ల నాయన ఒకసారి అలా చేయగా చిన్నప్పుడు చూశాడు. కానీ నాయన కదిలించింది ఒక్క రాయి. తను కదిలించినవన్నీ గోడలో ఉన్నాయి. గోడ విప్పితే తప్ప రావు. విప్పితే శనివారం ఇంజనీరు దొరకు చూపడానికి ఏమీ ఉండదు.

సాయంత్రం ఖమరుద్దీన్‌కు చెప్పాడు. "భాయ్, గది బురుజు కాదు. గోరీ. ఎవలదో పాపం, పూసలేసుకున్న మనిషి."

ఖమరుద్దీన్ పైకి వెళ్లి చూసి వచ్చాడు. అతని ముఖం కూడా మారింది. అయినా అన్నాడు, "ఖుదా జానే ఎన్ని వేల ఏండ్లదో. అడిగేటోళ్లు ఎవరూ లేరు. శనివారం దాటనీ. మేస్త్రీ అయినంక నెమ్మదిగ పెడుదువు."

"అయినంక పెడితే గోడ విప్పనిస్తరా?"

విప్పనివ్వరని ఇద్దరికీ తెలుసు. "పోనీ, నలుగురిని ఇస్త. జల్ది అయితది," అన్నాడు ఖమరుద్దీన్.

"వద్దు భాయ్. తీసింది నేను."

శుక్రవారం డ్యూటీ లేదు. తెల్లవారి ఖమరుద్దీన్ మిగతావాళ్లను ఎక్కించుకుని నమాజుకూ బజారుకూ బురైమి పోయాడు. పెద్దులు ఒక్కడే మిగిలాడు. ఒట్టి కాళ్లతో గోడ ముందు నిలబడి చాలాసేపు చూశాడు. తన బతుకులో అంత మంచి గోడ కట్టలేదు. తర్వాత పై రాయి మీద చేయి వేశాడు.

ఒక్కో రాయీ మోసుకుని కొండ ఎక్కడం, నల్ల ముఖం ఎటుందో చూడటం, దాన్ని ఎండ వైపు తిప్పి పెట్టడం. ఏ రాయి ఏ వరసదో ఆ నలుపే చెప్పింది. చెప్పనివి కొన్ని ఉన్నాయి. వాటిని ఒళ్లో పెట్టుకుని, ఆ పాత మేస్త్రీ ఎట్లా ఆలోచించి ఉంటాడో అని కూర్చునేవాడు. ఒకచోట పెట్టి, కుదరక తీసి, ఇంకొకచోట పెట్టేవాడు. అరికాళ్లు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి సగం పైన అయింది. పోచన్న రొట్టె తెచ్చి పెడితే ముట్టలేదు. పోచన్న ఆరోజు ఏమీ ఎగతాళి చేయలేదు.

శనివారం పొద్దున జీపు వచ్చేసరికి ఇంకా ఇరవై రాళ్లు మిగిలి ఉన్నాయి. మలుపులో గోడ లేదు, ఆ ఇరవై రాళ్ల పునాది వరస ఉందంతే. ఇంజనీరు దొర స్కాట్లాండు మనిషి, ఎర్రగా, పొడుగ్గా ఉంటాడు. ఖాళీ చోటు చూసి ఖమరుద్దీన్ వైపు తిరిగాడు. ఖమరుద్దీన్ పెద్దులు చెవిలో గొణిగాడు. "కూలిపోయిందని చెప్త. ఇంకో వారం అడుగుత."

"కూలలే. నా గోడ కూలదు. నేనే విప్పిన. నిజం చెప్పు భాయ్."

ఖమరుద్దీన్ నిజమే చెప్పాడు. దొర పైకి ఎక్కి, గొంతుక్కూర్చుని, లోపలి గోడను వేళ్లతో తడిమాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు. అతను మాట్లాడుతుంటే ఖమరుద్దీన్ మాట మాటా చెప్పుకొచ్చాడు. తమ దేశంలోనూ అన్నీ కొండలేనట. కొండ కొండకూ పాత కోటలు, ఇలాంటి రాతి గోరీలు ఉంటాయట. సెలవు రోజున పిల్లాజెల్లా రొట్టెలు కట్టుకుని ఎక్కి చూసి వస్తారట. తన తాత గొర్రెల దొడ్డి గోడను అలాంటి ఒక గోరీ రాళ్లతోనే కట్టాడట.

"ఈయన అంటున్నడు," ఖమరుద్దీన్ గొంతు తగ్గించాడు, "గా దొడ్డి ఇంకా ఉన్నదట. ఎవ్వరూ రాళ్లు తీసి మళ్ల పెట్టలేదట."

దొర జేబులోంచి లిస్ట్ తీశాడు. కానీ పేరు పక్కన, కట్టిన గోడ కొలత రాయాల్సిన చోట ఏమి రాస్తాడు? కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పెద్దులు భుజం మీద ఒకసారి చేయి వేసి, జీపు దగ్గరికి దిగిపోయాడు. ఆ మధ్యాహ్నమే మనిషిని పంపి కొండ వెన్ను చుట్టూ తెల్ల సున్నం గీత గీయించాడు. గీత దాటి రాయి తీయరాదని ఆర్డరు వచ్చింది. పెద్దులు చివరి రాయి పెట్టి, కొండ దిగి, పోచన్న దాచిన ఎండు రొట్టె నీళ్లలో ముంచుకుని తిన్నాడు.

దిగువన చిన్న గోడ ఒకటి కట్టి ఉన్న పోచన్న పేరు లిస్ట్‌లో పడింది. మలుపు గోడ మళ్లీ కట్టే పని అతనిదైంది. రాళ్లు అందించే హెల్పర్ పెద్దులు. మొదటి రోజు పోచన్న చేయి చాపలేక, ముఖం చూడలేక, తనే వంగి రాయి తీసుకోబోయాడు.

"చెయ్యి చాపురా. డ్యూటీ కదా," అన్నాడు పెద్దులు.

పోచన్న చేయి చాపాడు. రాయి ఎటు తిప్పి పెట్టాలో పెద్దులు మెల్లగా చెబుతూ పోయాడు, ఎవరికీ వినబడకుండా. అట్లా రెండేళ్లు. ఇంటికి వచ్చేదాకా ఆ దేశంలో మేస్త్రీ కాలేదు. ఎవరు అడిగినా హెల్పర్ పని చేశాననే చెప్పాడు.

ఎప్పుడైనా అటు పోతే, ఆ గుమ్మి లాంటి కట్టడం చుట్టూ ఒకసారి తిరిగి చూడు. ఒక పక్క వరసలు కొంచెం తేడాగా కనిపిస్తాయి, అవి మన పెద్దులు చేతివి. పోకపోయినా ఫర్వాలేదు. వాడి పేరు మరిచిపోకు. నీ దగ్గర కూర్చునే పిల్లలకు చెప్పు, పేరుతో సహా చెప్పు. తన గోడ తనే విప్పాడని చెప్పు.