గది దాటిన మాట

టీచరు లోపలికి వచ్చినా నర్సింగ్ విద్యార్థినుల్లో ఒక్కరూ లేవలేదు. పదహారేళ్లు మానసిక రోగుల వార్డులో పనిచేసి, ఈ ఏడాదే పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి ఆవిడ. మీదికి కుర్చీలు విసిరినవాళ్లను కూడా బుజ్జగించింది. ఈ పిల్లలు లేవకపోవడం మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

బోర్డు మీద 'మనసు బాగోగులు' అని రాసి ఇటు తిరిగింది. "ఈ వారం ఎలా గడిచింది? ఎవరైనా చెప్పండి."

"చెబితే ఎవరికి మోస్తారు మేడమ్?" అంది మూడో బల్ల దగ్గరి పిల్ల. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుందని అందరూ ఆమెను లాయరు అంటారు.

"ఏం మాటలవి?"

"పోయిన వారం మా చెల్లి ఇక్కడే నోరు విప్పింది. నిద్రపట్టట్లేదు, ఇంజెక్షన్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి అంది. ఈ గది దాటిపోదన్నారు మీరు. మర్నాడే ప్రిన్సిపాల్ గారు పనికిరాదని కాగితం రాసి, దాన్ని వార్డు మాన్పించారు."

చెల్లి అంటే లాయరు చిన్నాన్న కూతురు. ఇప్పుడు స్టోరు గదిలో దుప్పట్లు మడతపెడుతోంది.

టీచరుకు చెవులు వేడెక్కాయి. "వణికే చేత్తో సూది వేస్తే రోగి గతేంటి? మంచికే చెప్పాను."

"మంచికైతే దానికి చెప్పి వెళ్లాల్సింది. చాటుగా ఎందుకు?"

"రోగి చెబితే రహస్యం, మనం చెబితే చాడీ" అంది వెనక నుంచి ఇంకో గొంతు. కొందరు కిసుక్కున నవ్వారు.

"నోళ్లు మూసుకుని పుస్తకాలు తెరవండి" అని కసిరింది టీచరు. తెరిచి ఉన్న పుస్తకాలు కూడా టపటపా మూతపడ్డాయి.

నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలు తనను నిలదీస్తారా అని క్లాసు అయ్యాక స్టాఫ్ రూములో కాసేపు కుతకుతలాడింది. కానీ అసలు సంగతి ఆమెకు తెలుసు. "నీ క్లాసులో పిల్లలు ఏమైనా నోరు విప్పుతున్నారా?" అని టీ తాగుతూ ప్రిన్సిపాల్ అడిగితే, గొప్పకు పోయి ఆ పిల్ల మాట బయటపెట్టింది. అప్పుడు రోగి ఊసే ఆమె మనసులో లేదు.

లేచి ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

"డాక్టరుకు చూపించకుండా పనికిరాదని ఎలా తేల్చారు మేడమ్? ఆ కాగితం తీసెయ్యండి. లేదంటే మాటిచ్చి తప్పానని నేనూ ఒకటి రాసిస్తాను. రెండూ ఒకే ఫైల్లో పెట్టండి."

"నీ ఉద్యోగానికి నువ్వే ఎసరు పెట్టుకుంటున్నావ్."

"పెట్టుకోనివ్వండి."

ప్రిన్సిపాల్ కళ్లెర్రజేసింది. డాక్టరు చూసి సరేనంటే కాగితం చింపేస్తానంది. వచ్చే ఏడాది ఈ పాఠం వేరేవాళ్లు చెబుతారని కూడా అప్పుడే చెప్పేసింది.

టీచరు అటునుంచి అటే స్టోరు గదికి వెళ్లి లాయరు చెల్లెలికి జరిగిందంతా చెప్పింది. ఆ పిల్ల మడత ఆపలేదు.

"ఆవిడతో మాట్లాడేముందు నన్నడిగారా?"

టీచరు నాలిక కరుచుకుంది. చేసిన తప్పు సరిదిద్దడానికి పోయి మళ్లీ అదే తప్పు చేసింది.

"లేదు" అంది. "ఇప్పుడడుగుతున్నా. డాక్టరు దగ్గరికి వెళ్తావా?"

"అక్కతో వెళ్తా. మీతో కాదు."

అలాగే వెళ్లింది. మందులు వాడింది, సెలవు తీసుకుంది. నెల తిరిగేసరికి డాక్టరు సరేనంటే మళ్లీ వార్డు పనిలో చేరింది. కారిడార్లో టీచరు ఎదురైతే తల తిప్పుకుని పోయేది.

తరగతిలో టీచరు తాను చేసిందేదీ దాచలేదు. టీ కప్పు దగ్గర గొప్పకు పోయిన సంగతితో సహా చెప్పింది. "మీ నోటితో అన్నారు కదా, రాసుకుంటున్నాను" అని లాయరు నోట్సులో ఎక్కించుకుంది. క్షమించామని ఎవరూ అనలేదు. ఆ ఏడాది ఆ పిల్లలు ఎవరూ ఆమెకు తమ గోడు చెప్పుకోలేదు. ఆమె కూడా చెప్పమని అడగలేదు.