మంచితనానికి గడి లేదు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటారు. టోయివో బుద్ధి అంతదాకా ఆగలేదు. డెబ్బై రెండేళ్ళు నిప్పులు కక్కిన మనిషి, డెబ్బై మూడో ఏట వెన్నముద్దయ్యాడు. పెళ్ళాం గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడిచాడు. "అలసిపోయావా ఐలీ?" అని అడిగాడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో అడగని మాట అది. ఎందుకిలా మారావని ఐలీ అడగలేదు. అడిగితే ఎక్కడ మానేస్తాడోనని భయం.

ఆ సుఖం మీద ఇవాళ డాక్టర్ మెర్సర్ గదిలో విచారణ జరుగుతోంది.

మతి తప్పే జబ్బు ఒక్కొక్కరిలో ఒక్కో దారి ఎందుకు పడుతుందో తేల్చడానికి అమెరికాలోని డులూత్ ఊళ్ళో ఏటా నవంబరులో కొందరి మెదళ్ళకి ఫోటోలు తీస్తారు. టోయివో వాళ్ళన్నయ్య ఆ జబ్బుతోనే పోయాడు కాబట్టి తమ్ముణ్ణీ చేర్చుకున్నారు. మొదటి ఏడు స్కానింగుకి వెళ్తూ టోయివో నర్సునీ, మిషన్నీ, పెళ్ళాన్నీ వరసపెట్టి తిట్టాడు. ఇవాళ నర్సు పిల్లల పేర్లడిగి మరీ పడుకున్నాడు.

డాక్టరమ్మ తెర మీద మూడేళ్ళ ఫోటోలూ పక్కపక్కన పెట్టింది. మొదటిది బాగుంది. రెండోదాంట్లో కుడివైపు ముందుభాగం సన్నబడింది. మూడోదాంట్లో ఐలీకి కూడా కనిపించేంత తరిగిపోయింది.

"నిరుడు మీరు ఆయన గురించిన ఫారంలో 'మార్పు లేదు' అని టిక్కు పెట్టారేంటి ఐలీ గారూ?"

"మరేం పెట్టను? 'కొంచెం క్షీణించింది', 'బాగా క్షీణించింది', 'మార్పు లేదు'. ఉన్నవి మూడే గడులు. మా ఆయన మంచివాడయ్యాడు డాక్టరమ్మా. దానికి మీరు గడి పెట్టలేదు."

డాక్టరమ్మ ఫారం తిరగేసి చూసింది. నిజంగానే లేదు.

"అందరికీ మతిమరుపుతోనే మొదలవదండీ. కొందరికి అన్నీ గుర్తుంటాయి, మనిషి మారిపోతాడు. చాలామంది మొరటుగా తయారవుతారు. ఎక్కడో ఒకరిద్దరు మెత్తబడతారు."

"అయితే ఆ మంచితనం..."

"జబ్బు వల్లే అయ్యుండొచ్చు. ఇంతని తూచి చెప్పలేను."

ఐలీకి ఏడుపు రాలేదు. ఒంట్లో ఉన్న కాస్త సత్తువా ఎవరో తోడేసినట్టయింది.

ఇంటికొచ్చాక టోయివో ఆవిరిగదిలోకి స్నానానికి వెళ్ళాడు. కాఫీ పెట్టుకునే లోపు కూతురు కారిన్ మినియాపొలిస్ నుంచి ఫోన్ చేసింది. పదకొండేళ్ళ కిందట కారిన్ మొగుణ్ణి వదిలేసి వస్తే, టోయివో ఆమె సంచీని మంచులోకి విసిరి, ఈ గడప తొక్కొద్దన్నాడు. ఆమె తొక్కలేదు. మొన్న ఈస్టరుకి టోయివో తనే ఫోన్ చేసి, తప్పు నాదే తల్లీ, రా, అని ఏడ్చాడు. వచ్చింది. అప్పట్నుంచీ నెలకోసారి వస్తోంది.

జరిగిందంతా విని కారిన్ ఒక్కటే అడిగింది. "ఈస్టరునాటికే జబ్బుందా అమ్మా?"

అబద్ధం ఐలీకి కొత్త కాదు. నాన్నకి నువ్వంటే ప్రాణమే, పైకి చెప్పడంతే, అని చిన్నప్పట్నుంచీ నూరిపోసింది తనే. ఇప్పుడు 'లేదు' అంటే చాలు, పిల్ల వస్తూనే ఉంటుంది. కానీ అబద్ధానికీ ఓపిక ఉండాలి.

"ఉంది తల్లీ. నిరుటి ఫోటోలోనే ఉంది."

"మొదటి ఏడు ఫోటోలో?"

"ఏమీ లేదు. శుభ్రంగా ఉంది."

"అంటే నా సంచీ విసిరింది ఆరోగ్యంగా ఉన్న మనిషేనన్నమాట."

ఇక ఈ పిల్ల రాదు, అనుకుంది ఐలీ.

"శనివారం వస్తున్నా," అంది కారిన్.

"ఇంకా వస్తావా ఆయన్ని చూడ్డానికి?"

"ఆయన సంగతి నేనింకా తేల్చుకోలేదు. నిన్ను చూడ్డానికి. జబ్బుతోనో గిబ్బుతోనో, నాకు క్షమాపణ చెప్పాడు. నీకెప్పుడైనా చెప్పాడా అమ్మా?"

ఐలీ నలభై నాలుగేళ్ళ కాపురమంతా వెతుక్కుంది.

"లేదు," అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాకగానీ తనకెంత కోపముందో ఆమెకి తెలియలేదు.