ఇంటావిడను అడగాలి

"ఫోన్లో కబుర్లు చెప్పి జీతం తెచ్చుకునే అదృష్టం ఎందరికి ఉంటుంది!" అంటాడు మా ఆయన, నేను ఒక కన్ను పాల మీదా, ఒక కన్ను ఆయన చొక్కా ఇస్త్రీ మీదా వేసి ఉన్నప్పుడు. నా పని కబుర్లే మరి. తుపాకుల షాపులో కూర్చుని, కొనడానికి వచ్చినవాడి ఇంటికి ఫోను చేసి, "ఆయన చేతికి తుపాకీ ఇవ్వమంటారా?" అని ఇంటావిడను అడగడం. చట్టానికి లైసెన్సు ఉంటే చాలు, ఇది అడగమనలేదు. ఒకసారి మా ఓనరు అమ్మిన తుపాకీ ఎవరి వంటింట్లోనో పేలిందట. అప్పటినుంచి ఆయన పెట్టుకున్న పద్ధతి ఇది.

ముందు అత్తగార్లే పలుకుతారు. "మావాడా? చీమకైనా దారిచ్చి నడుస్తాడమ్మా!" ఆ మాటలు నమ్మితే ఈ ఊళ్లో చీమలన్నీ ఊరేగింపులు తీస్తూ ఉండాలి. "కోడలుగారికి ఇవ్వండి" అంటాను. ఆవిడ వచ్చి "మంచివారేనండీ" అంటుంది. ఆ మాటకు ముందు ఆవిడ తటపటాయిస్తే చాలు, సరుకు లేదని చెప్పి అతన్ని పంపేస్తాం. ఆవిడ మీదకు మాట రానివ్వం.

నిన్న మా ఆయన కూర చల్లారిందని కంచం గోడకేసి కొట్టాడు. నేను గోడ తుడుస్తుంటే, "మీ మామగారైతే కంచంతో ఆగేవారు కాదు. అదృష్టవంతురాలివి" అన్నారు అత్తగారు. ఆ వంశంలో అందరూ శూరులే. వాళ్ల తాత తుమ్మితే పెద్దపులి దారి మార్చుకునేదట! లైసెన్సు చేతికొచ్చింది, తుపాకీ కొంటానని చెప్పి, "ఇంట్లో అదుంటే కొందరి నోళ్లు అదుపులో ఉంటాయి" అని మా ఆయన నవ్వాడు. అత్తగారు పొలమారేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో చెప్పుకోవాలి.

ఇవాళ షాపుకే వచ్చాడు. ఓనరు ఎదురెళ్లి కుర్చీ వేశారు. "రండి రండి, మా అమ్మాయి మొగుడంటే మాకు అల్లుడే!" అద్దాల బీరువాలోంచి తుపాకీ తీసి చేతికిచ్చారు.

"ఏదో విచారణ ఉందటగా? కత్తిపీట కొంటే ఇలాగే అడుగుతారా ఎవరైనా?" అన్నాడు మా ఆయన.

"అదంతా బయటివాళ్లకండీ. అడిగేదీ ఈవిడే, ఇంటావిడా ఈవిడే. మాకు ఫోను ఖర్చు కూడా మిగిలింది!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. "బిల్లు రాయమ్మా" అన్నారు ఓనరు.

మా ఆయన తుపాకీ భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి గురి చూశాడు. గొట్టం గోడ గడియారం దగ్గర మొదలై, మెల్లగా నా దగ్గరకు వచ్చి ఆగింది. "చూశారా, మనిషి ఎలా బిగుసుకుపోయిందో!" అన్నాడు. ఓనరు నవ్వలేదు. కానీ బిల్లు పుస్తకం నా ముందుకు జరిపారు.

ఊళ్లో అన్ని ఇళ్లకూ నేనే ఫోను చేశాను. మా ఇంటికి ఎవరూ చేయలేదు. సరుకు లేదని చెబుదామంటే సరుకు ఆయన చేతిలోనే ఉంది. నోరు విప్పితే సాయంత్రం మా ఇంటి గుమ్మం తొక్కడం ఉండదు. విప్పకపోతే ఆ గుమ్మం దాటి బయటకు రావడం ఉంటుందో లేదో.

పెన్నుకు మూత పెట్టేశాను.

"ఏమ్మా, రాయడం లేదేం?" అన్నారు ఓనరు.

"ఇంటావిడను అడిగానండీ" అన్నాను. "ఇవ్వొద్దంటోంది."