ఉపన్యాసకురాలు అనే నేను

నేను ఒక మాటను. సభలో లేచి మాట్లాడే ఆడమనిషిని ఒకప్పుడు ‘ఉపన్యాసకురాలు’ అనేవారు, ఆ మాటను. పుట్టు పిరికిదాన్ని. ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే బతికాను.

వందేళ్ళ కిందట గోదావరి ఒడ్డున ఓ ఊళ్ళో గ్రంథాలయ సభకు కరపత్రం వేశారు. ‘ఉపన్యాసకురాలు: శ్రీమతి పేరిందేవి గారు’ అని నన్ను పెద్దక్షరాల్లో అచ్చొత్తారు. అరుగుల మీద ఒకటే నవ్వులు.

“ఆడది సభలో లేస్తుందిట! ఇంకేవుంది, గోదారి పొంగినట్టే!”

నిజానికి అప్పట్లో ఉపన్యాసకురాలు లేచేది కాదు. ఇంట్లో రాసుకొచ్చి తెర వెనక కూర్చునేది. కార్యదర్శి సోమయాజులు గారు ఆ కాగితం చదివేవారు. పేరు ఆవిడది, గొంతు ఆయనది. అందులో తప్పేమిటో ఎవరికీ తోచలేదు, ఆయనకైతే అసలే తోచలేదు.

ఆరోజూ నన్ను ఘనంగా పిలిచి, అలవాటుగా తెరవైపు చెయ్యి చాపారు. కాగితం వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పారు.

“ఇందులో ఏవీ లేదేవిటమ్మా?”

“రాయలేదండీ. నేనే చెబుతాను.”

తెర కదిలింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. “కూచోవమ్మా!” అని ఎవరో అరిచారు. పేరిందేవి బల్ల పట్టుకుని నిలబడింది.

“మా చెల్లెలికి పదహారేళ్ళు. మొగుడు పోయాడు. రేప్పొద్దున్న దాని జుట్టు తీయించడానికి మంగలిని పిలిచారు. ఆపండి.”

ఉపన్యాసం అంతే. గుమ్మం దగ్గర నిలబడి విన్న మంగలి వీరన్నకు మర్నాడు జ్వరం వచ్చింది. ఆ ఇంటి నుంచి కబురొచ్చినప్పుడల్లా మళ్ళీ వచ్చేది, పాపం.

తరవాత వేదికల నిండా ఆడవాళ్ళే. అందరినీ ‘వక్త’ అనడం మొదలుపెట్టారు. నేను ఆ గ్రంథాలయం గోడమీద, పటం కట్టిన కరపత్రంలో మిగిలాను. పోనీలే, నా పని అయిపోయిందనుకున్నాను.

ఇవాళ అదే గదిలో సభ. ఫ్లెక్సీ మీద సర్పంచ్ నూకరత్నం గారి ఫొటో. ఆవిడ పేరు పిలిచారు. పక్కనే ఉన్న భర్త లేచి మైకు అందుకున్నాడు.

“మేడంగారి తరపున నేను మాట్టాడతానండి.”

చప్పట్లు కొట్టారు! తెరైనా లేదు కదరా నాయనా! నా గుండె జారిపోయింది.

నూకరత్నం చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. గోడవైపు చూసింది. పెదవులు కదుపుతూ నన్ను కూడబలుక్కుని చదివింది. లేచి నిలబడింది.

“కూకో,” అన్నాడు భర్త, మైకు చేత్తో మూసి.

ఆవిడ కూర్చోలేదు. మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నాకు భయంగా ఉంది.