ఖాళీ చేతుల నడక

"రొట్టె మళ్ళీ చల్లారబెట్టి తెచ్చావు, ఎర్సీలియా. ఈసారి ఎవరితో ముచ్చట్లు?" అన్నాడు నా మొగుడు నోల్బెర్తో. రాసిన వెన్న కరగలేదట.

చిలీ దేశంలోని రేవుపట్నం వాల్పరైసోలో మా ఇల్లు కొండ మీద, రొట్టెల కొట్టు కొండ కింద. పొద్దున ఒకసారి, సాయంత్రం టీకి ఇంకోసారి బల్ల మీదికి వేడి రొట్టె రావాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ తెచ్చేది నేనే. ఈమధ్య సంచీతో కాస్త ఎక్కేసరికి పిక్కలు పట్టేస్తున్నాయి, తడిబట్ట పిండినట్టు. ఆగితే తగ్గుతుంది. ఊరికే ఆగితే ఏమనుకుంటారోనని, ఎవరి గుమ్మం ముందు ఆగితే వాళ్ళ కుండీల్లో పూలు మెచ్చుకునేదాన్ని, ఎవరూ లేకపోతే పిల్లినైనా పలకరించేదాన్ని. దాంతో వాగుడుకాయనని పేరొచ్చింది. "మా కోడలి జబ్బు కాళ్ళలో లేదు, నోట్లో ఉంది" అని అత్తగారు నలుగురిలో అంటే అందరితో పాటు నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా పాదాల దగ్గర నాడి వెతికి, రక్తనాళాలు సన్నబడి పిక్కలకి రక్తం చాలడం లేదంది. రెండు పూటలా తినడానికి అరగంట ముందు వేసుకోమని మాత్రలు రాసింది. రోజూ నడవాలట, నొప్పొస్తే ఆగాలట, తగ్గాక మళ్ళీ నడవాలట.

"నడుస్తూనే ఉన్నాగా డాక్టరమ్మా, రొట్టె కోసం."

"అది రొట్టె కోసం. ఇది మీ కాళ్ళ కోసం. ఖాళీ చేతులతో నడవండి."

నోల్బెర్తో మాత్రల డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకేం, మంచిదే. మాత్ర వేసుకుని రొట్టెకి బయల్దేరు. తిరిగొచ్చేసరికి అరగంట అయిపోతుంది" అన్నాడు. ఎంత చక్కగా సర్దేశాడో! నా మందుని కూడా తన టీకి అమర్చుకున్నాడు. ఆయనకి పన్ను నొప్పెడితే మాత్రం ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు.

ఈ సాయంత్రం మాత్ర వేసుకున్నాను. సంచీ మేకుకే వదిలేసి మెట్లు దిగాను. వేడి రొట్టెల వాసన వస్తున్న కొట్టు దాటి సముద్రం వైపు నడిచాను. పిక్క పట్టేసింది. ఎవరి పూలనీ మెచ్చుకోకుండా దారి మధ్యలో ఊరికే నిలబడ్డాను. తగ్గాక మళ్ళీ నడిచాను.

ఇంటికొచ్చేసరికి తల్లీకొడుకులు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. టీ కూడా ఎవరూ పోసుకోలేదు. నోల్బెర్తో నా చేతుల వంక చూశాడు.

"రొట్టె ఏదీ?"

"కొట్లో ఉంది," అన్నాను కుర్చీ లాక్కుంటూ, "వేడివేడిగా."