తెల్లకోటు మీద నల్లపోగు

రఫ్ఫు పనిలో వదినది అందెవేసిన చెయ్యి. లాండ్రీ వెనకగదిలో, కిటికీ పక్కన కూర్చుని ఆమె చిరుగు కలిపిందంటే తొడుక్కునేవాళ్లకే ఆనవాలు దొరకదు. ఆ మధ్యాహ్నం తెల్లకోటు మీద ఒక నల్లపోగు కనబడింది. పట్టకారుతో తీయబోయింది. పోగు పక్కకు జరిగింది. మళ్లీ తీయబోయింది, మళ్లీ జరిగింది.

"ఏంటి వదినా, కోటుకి పేలు చూస్తున్నావా?" ఇస్త్రీబల్ల దగ్గర నుంచి ఆడపడుచు నవ్వింది.

వదిన తలెత్తి గోడకేసి చూసింది. సున్నం మీదా అదే పోగు. దాని వెనక పొగలాగా ఇంకేదో.

"పోగు కోటు మీద లేదే. నా కంట్లో ఉంది."

వదినకు షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని కన్ను లోపలిదాకా చూపించుకోమని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. కంటికి మంచివని ఆడపడుచు విటమిన్ బిళ్లల సీసా తెచ్చిచ్చాక వదిన ఆ పరీక్షకు నీళ్లొదిలేసింది. సూదిలో దారం ఎక్కుతోంది కదా, ఇంకేం కావాలి అనుకుంది.

"ఇవాళ్టి నుంచి రెండేసి వేసుకో వదినా."

"సీసా మొత్తం మింగినా ఇది పోయేలా లేదు. పద, కంటాసుపత్రికి."

"ఇప్పుడా? కోటు సాయంత్రానికి ఇవ్వాలి. ఓనరు గొంతు చించుకుంటాడు!"

"చించుకోనీ. అదీ నేనే కుడతాలే."

ఆసుపత్రిలో డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. "షుగరు వల్ల కంటి వెనక పొరలో పిచ్చి రక్తనాళాలు పుట్టాయమ్మా. ఒకటి చిట్లింది, ఆ రక్తమే పోగులా కనబడుతోంది. లేజరు చేయాలి."

"బిళ్లలు మానకుండా వేసుకుందండీ," అంది ఆడపడుచు.

"ఒంట్లో విటమిన్ తక్కువైతే వాటి పని వాటిది. ఈ రక్తాన్ని అవి ఆపలేవు. దీనికి షుగరు, బీపీ అదుపులో పెట్టుకోవాలి, కన్ను చూపించుకోవాలి."

"నీ కళ్లలో నేనే కారం కొట్టాను వదినా."

"ఊరుకో. నువ్వు ప్రేమతో ఇచ్చావు. పరీక్ష ఎగ్గొట్టింది నేను. తప్పంతా ఆడపడుచుదే అనడం నాకూ హాయిగానే ఉంటుంది గానీ, ఇది మాత్రం నాదే."

"పోయిన చూపు వెనక్కి వస్తుందని మాటివ్వలేను," అంది డాక్టరమ్మ. "ఉన్నది నిలబెట్టడానికి చేస్తాం. ఒక్కసారితో అయ్యేదీ కాదు."

"ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వస్తాను. మొదటిది ఇవాళే కానివ్వండి."

లేజరు గదిలో ఎవరూ చెప్పకముందే వదిన యంత్రానికి గడ్డం ఆనించింది. ఆడపడుచు వెనక నిలబడి, ఆమె తల కదలకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.