తుపాకీకి కొలతలు

పట్టాళంలో ఉన్నన్నాళ్లూ కరుణాకర్ రైఫిల్ పడితే గురి తప్పిన మనిషి కాదు. రిటైరై వచ్చి ఆళ్లగడ్డలో ఒక బ్యాంకు బ్రాంచీలో గార్డుగా చేరాక మాత్రం ఆ పేరు నిలవలేదు. బ్యాంకు వాళ్లు ఏడాదికోసారి చుట్టుపక్కల బ్రాంచీల గార్డులందరినీ నంద్యాల శివార్లలోని కాల్పుల రేంజికి పిలిపించి కాల్పించేవారు. బ్రాంచీలో ఉన్న జంట గొట్టాల తుపాకీతో అతను ఎప్పుడు కాల్చినా గుళ్లు అట్టబొమ్మ తల మీదుగా దూసుకుపోయి వెనక మట్టికట్టలో దుమ్ము రేపేవి. పైగా కుడి చెంప వాచేది.

"ఏమన్నా, పిట్టల్ని కొడతాండావా?" అని గడివేముల గార్డు అందరి ముందూ నవ్వాడు.

నవ్వినందుకు కరుణాకర్ పెద్దగా బాధపడలేదు. ఎందుకిలా అవుతోందన్నదే అతన్ని తొలిచేసింది. కళ్లు పరీక్ష చేయించుకున్నాడు, బాగానే ఉన్నాయన్నారు. చెయ్యి వణకదు. గొట్టం వంకరేమో అనుకుందామా అంటే, అదే తుపాకీతో రెండో షిఫ్టు గార్డు శ్రీనివాసులు బొమ్మ రొమ్ము మీద కొట్టి వచ్చాడు.

ఆ సాయంత్రం వాచిన చెంపతో నంద్యాలలో ఇంటికి చేరేసరికి అతని భార్య ప్రేమకుమారి మిషను ముందు కూర్చుని ఎవరిదో రవిక కుడుతోంది. ఆమె మిషను ఆపి, చెంప వైపు కాసేపు చూసింది.

"తుపాకీ ఆనించేది భుజానికి గదా? చెంపెందుకు వాస్తాది?"

కరుణాకర్ చెంప తడుముకున్నాడు. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న అతనికి తట్టలేదు.

"యాదీ, ఎట్ల పట్టుకుంటావో చూపీ."

మూలనున్న గొడుగు తీసి భుజానికి ఎక్కించి చూపాడు. ప్రేమకుమారి మెడలో వేలాడుతున్న టేపు తీసి అతని భుజం నుంచి కంటి దాకా కొలిచింది.

"నీది కొంగ మెడప్పా. రెడీమేడ్ చొక్కా నీకెప్పుడన్నా సరిపోయిందా? కాలరు కాడ ఎప్పుడూ తంటానే. ఆ తుపాకీ ఎవరి కొలతకు చేసినారు?"

"తుపాకీకి కొలతేందే? అందరికీ ఒకటే."

"అయితే అదీ రెడీమేడే."

మర్నాడు ఆళ్లగడ్డ బస్సులో కూర్చున్నంతసేపూ ఆ మాటే అతని బుర్రలో తిరిగింది. శ్రీనివాసులు పొట్టి మనిషి, తల భుజాల మీదే కూర్చున్నట్టుంటుంది. ఆ తుపాకీ అతనికి కుదిరింది. తనకు కుదరలేదు. అంతేనా?

సాయంత్రం జనం వెళ్లిపోయి షట్టరు దించాక కరుణాకర్ మేనేజరు అరుణకుమారి మేడంను అడిగి, తుపాకీ గొట్టాలు కిందికి వంచి తెరిచి తూటాలు లేవని ఆమెకూ చూపించి, ఖాళీ గోడకు ఎదురుగా నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. తుపాకీని హాయిగా భుజానికి ఎత్తి, చెంపను తుపాకీ వెనక చెక్కకు ఆనించి, అప్పుడు కళ్లు తెరిచాడు.

గొట్టం కనబడలేదు. దాని మొదట్లో ఉన్న ఇనుప మూపు ఒక్కటే కంటికి అడ్డంగా ఉంది. కొసన గురి చూడ్డానికి ఉండే ఇత్తడి పూస దాని వెనక దాక్కుంది. పూస కోసం మెల్లగా తల ఎత్తాడు. పూస కనబడింది, కానీ చెంపకూ చెక్కకూ మధ్య వేలు దూరేంత సందు వచ్చింది.

"ఏమైంది కరుణాకర్?" అని అడిగింది మేడం.

"ప్రహరీ గోడ మీంచి తొంగి చూసినట్టు చూస్తాండా మేడం ఇన్నాళ్లూ. కన్ను పైకి లేస్తే గురీ పైకే పోతాది. పేలినప్పుడు చెక్క ఎగిరొచ్చి చెంప మీద కొడతాది." అతని గొంతులో సిగ్గు కన్నా సంబరమే ఎక్కువ వినిపించింది. "చెక్క పైఅంచు కాస్త ఎత్తు చేస్తే సరిపోతాదేమో."

"కోయడం, మేకులు కొట్టడం కుదరదు. అది బ్యాంకుది. ఏం చేసినా విప్పేస్తే మళ్లీ ఉన్నట్టే ఉండాలి. రేంజిలో వాళ్లు చూసి సరే అన్నాకే కాల్చాలి" అంది మేడం. అని ఊరుకోక, తనూ తల ఎత్తుతూ దించుతూ గోడ వైపు చూసింది.

కరుణాకర్ పాత పేపరు మీద చెక్క భాగాన్ని పెన్సిలుతో గీసుకుని ఇంటికి తెచ్చాడు. ప్రేమకుమారి రవికల పని పక్కన పెట్టింది. పాత తోలు సంచి కోసి చెక్కకు తొడిగే తొడుగు కుట్టింది. పైఅంచు మీద ఎత్తు కోసం లోపల పట్టాళం కంబళి ముక్కలు పొరలు పొరలుగా పెట్టింది. మర్నాడు బ్యాంకులో తుపాకీకి ఎక్కిస్తే తొడుగు బిగుతుగా, కదలకుండా కూర్చుంది. ఆ సంగతి చెబితే ప్రేమకుమారికీ భలే నచ్చింది.

శ్రీనివాసులుకు మాత్రం నచ్చలేదు.

"అన్నా, దీనికేం చేసినావ్? నేను పడితే గొట్టమంతా నా ముందర రోడ్డు మాదిరి పరుచుకుంటాంది. నాకు మంచిగుండేదాన్ని చెడగొట్టినావు గదప్పా!"

కరుణాకర్ తుపాకీ అందుకుని తొడుగు తడిమి చూశాడు. తుపాకీ ఒకటి, మనుషులిద్దరు. తన మెడకు సరిచేసే తొందరలో రెండో మెడ సంగతే అతనికి గుర్తు రాలేదు. ఆ రాత్రి సంగతి విన్న ప్రేమకుమారి కుట్లు విప్పింది. అడుగున వరుసగా రంధ్రాలు పొడిచి, బూటుకు మాదిరి తాడు ఎక్కించింది. ఇప్పుడు తొడుగు కట్టొచ్చు, విప్పొచ్చు. లోపలి పొరలు కూడా ఒక్కొక్కటే బయటికి లాగొచ్చు.

మరుసటి ఏడు కాల్పుల రోజు వచ్చింది. రేంజిలో పోలీసు ఇన్‌స్ట్రక్టరు తొడుగును పట్టి లాగి, తాడు బిగింపు చూసి, "కాల్చుకో పెద్దాయనా" అన్నాడు. కరుణాకర్ తుపాకీ ఎత్తాడు. చెంప చెక్కకు మెత్తగా అతుక్కుంది. పేల్చాడు. చెంప నొప్పి లేదు. కానీ దుమ్ము మళ్లీ మట్టికట్టలోనే లేచింది, బొమ్మ తల పైన.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కరుణాకర్ తుపాకీ తెరిచి ఖాళీ చేసి, నేల వైపు పట్టుకుని ఆలోచించాడు. తను కూడా గొట్టాన్ని పై నుంచి చూస్తున్నాడు, శ్రీనివాసులు చెప్పిన రోడ్డు మాదిరే. అప్పట్లో ఎత్తు చాలలేదు, ఇప్పుడు మించిపోయింది. తాడు వదులు చేసి ఒక కంబళి పొర లాగి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ ఎత్తాడు. ఈసారి గొట్టం సన్నటి గీతలా మారి, కొసన పూస కుదురుగా నిలిచింది.

పేల్చాడు. దుమ్ము లేవలేదు. అట్టబొమ్మ రొమ్ము చిల్లులు పడింది. మరొకటి పేల్చాడు, మళ్లీ అక్కడే.

కాల్పులు ఆపమని ఇన్‌స్ట్రక్టరు ఈల వేశాక అతను బొమ్మ దగ్గరికి నడిచి వెళ్లి చిల్లుల మీద వేలు పెట్టి తడిమాడు. శ్రీనివాసులు వెనకే వచ్చి చూసి, "ఇంగ ఆ చొక్కా ఇప్పేయన్నా, నా వంతు" అన్నాడు. తొడుగు విప్పిన తుపాకీతో అతనూ బాగానే కొట్టాడు. గడివేముల గార్డు ఆ తొడుగును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది నాకు పనికొస్తాదా?"

"నీ మెడ కొలిస్తే గానీ చెప్పలేనప్పా" అన్నాడు కరుణాకర్.

ఇన్‌స్ట్రక్టరును అడిగి ఆ అట్టబొమ్మను చుట్టి ఇంటికి తెచ్చి భార్య ముందు పరిచాడు. ఆమె మెచ్చుకుంటుందని ఎదురు చూశాడు. ప్రేమకుమారి చిల్లులన్నీ చూసి, అతని చెంప చూసి, మళ్లీ చిల్లుల మీదికి వంగింది.

"అన్నీ రవ్వంత ఎడం పక్కకే ఉండాయి. ఎందుకూ?"

కరుణాకర్ వంగి చూశాడు. నిజమే.

"చెక్క పైనే గాకుండా చెంప పక్కన గూడా తోలు పెట్టినా గదా" అంది ఆమె ఆలోచిస్తూ. "ఆ మందానికి నీ మొగం పక్కకు జరిగింటాదేమో. కన్ను జరిగితే గురీ జరుగుతాది గదా?"

"అయింటాది" అన్నాడు కరుణాకర్, ఆమె పక్కన నేల మీద చతికిలబడుతూ. "అయితే ఆ పక్కన తోలు తీసేసి పలచటి గుడ్డ వేస్తే?"

"జారిపోదా?"

ఇద్దరూ బొమ్మను మధ్యలో పెట్టుకుని అన్నం సంగతి మరిచిపోయి కూర్చున్నారు.